రేవుపిలుపు ఎలా ఆగుతుంది

వడపళని, చెన్నై
11 ఫిబ్రవరి 2024

అక్కా,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ, నా మేనకోడలు లోవలక్ష్మీ, మీ అత్తగారూ బాగున్నారని అనుకుంటూ రాస్తున్నాను. మొన్న ఫోన్లో మళ్ళీ పోట్లాడుకున్నాం కదా, అందుకే ఈ ఉత్తరం. మనిద్దరికీ ఫోన్ పడదని నేను తునిలో హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ తెలిసిందే. రెండో నిమిషంలో నువ్వు అరుస్తావు, మూడో నిమిషంలో నేను పెట్టేస్తాను. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వింటావు. వినక ఏం చేస్తావు, నా నోరు ముయ్యడానికి నువ్విక్కడ ఉండవుగా.

సంగతేంటంటే, మా జాజ్ బృందం ఆల్బమ్ చేస్తోంది. పాట కచేరీ కాదు, స్టూడియోలో కూర్చుని పదకొండు రోజులు రికార్డు చేయడం. మేం ఆరుగురం, ఆరుగురూ కొట్టేవాళ్ళమే. పాడేవాళ్ళు లేరు, వయొలిన్ లేదు, వేణువు లేదు. మా పెద్దాయన విజయ్ పాల్ గారిది రాజమండ్రి. చర్చిలో డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టి ఇంతవరకూ వచ్చారు. సూర్యకళ అని ఒకావిడ ఉంది, లోహపు పలకలు వరసగా పేర్చిన వైబ్రాఫోన్ మీద బుడిపె కర్రలతో వాయిస్తుంది. ఆ మోత గంట మోగి ఆగాక గాల్లో ఉండిపోయేదానిలా ఉంటుంది.

జాజ్ అంటే ఏంట్రా అని ప్రతిసారీ అడుగుతావు. అందరం ఒక నడక పట్టుకుంటాం. ఆ నడక చెడకుండా ఒక్కొక్కళ్ళూ తమకి అప్పటికప్పుడు తోచింది వాయిస్తారు. మనవాళ్ళు వల లాగేటప్పుడు ఒకడు పదం అందుకుంటే మిగతావాళ్ళు తలో మాటా కలిపినట్టు. అంతకంటే పెద్ద మర్మం ఏమీ లేదు.

ఆల్బమ్‌లో ఏడు ముక్కలు. ఏడోది నాది. అందులో మన రేవుపిలుపు పెడదామనుకుంటున్నాను. మూడు దెబ్బలు, చిన్న ఖాళీ, రెండు దెబ్బలు, పెద్ద ఖాళీ. అంతవరకూ నా చేతులకి గుర్తుంది. తాళంలో ఎలా ఆగుతుందో మాత్రం తెలీడం లేదు. బుల్లియ్య తాతని అడిగి రాయి. ఆగడం తెలిస్తేగానీ ముక్క పూర్తవదు.

నీ తమ్ముడు
రాజేంద్ర


నీలంపాలెం
24 ఫిబ్రవరి

ఒరే రాజేంద్రా,

నీ ఉత్తరం గురువారం అందింది. ఇక్కడ అందరం ఉన్నాం. లోవ ఎనిమిదో తరగతి, నోరు మాత్రం డిగ్రీ. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, అయినా పొద్దున్నే కర్ర పట్టుకుని రేవు దాకా వెళ్ళి వస్తుంది. పదేళ్ళుగా ఆ వెళ్ళడం మానలేదు. నేను యానాం బజారుకి గంప మోస్తూనే ఉన్నాను. చవక మందు కొనడానికొచ్చిన పెద్దమనుషులు పక్కనే చేప కూడా కొనుక్కుపోతున్నారు, వాళ్ళ దయవల్ల సాయంత్రానికి గంప ఖాళీ.

ఆరుగురూ కొట్టేవాళ్ళేనా! బాగుంది సంబడం. మీలో వినేవాడు ఒక్కడూ లేడన్నమాట.

రేవుపిలుపు ఎలా ఆగుతుందని అడిగావు. నన్ను! ఆ మాట చదివి కాగితం మడిచి పొయ్యి పక్కన పెట్టేశాను, రెండు రోజులు ముట్టుకోలేదు. ఊళ్ళోవాళ్ళు ఆ ప్రశ్న వెనకాల అడుగుతారు. మా అత్తగారు నోరు విప్పకుండా రోజూ అడుగుతుంది. నువ్వొక్కడివీ అడగలేదని అనుకునేదాన్ని. నువ్వూ మొదలుపెట్టావు, అదీ ఉత్తరంలో, మంచీ చెడ్డా మాట్లాడుతూ మాట్లాడుతూ.

సరే, తాత చెప్పినట్టే రాస్తున్నాను, విను. పడవ రాకపోతే పాత పడవని ఒడ్డున బోర్లించి, దాని అడుగు మీద సరుగుడు కర్రలతో కొడతాం. కొట్టేవాడు ఆ ఇంటి మనిషే అయ్యుండాలి, పిలిచేది ఇంటివాళ్ళే కావాలి కాబట్టి. పోయినవాడు తిరిగొస్తే వాడే వచ్చి కర్రలు తీసుకుని ఒక్క దెబ్బ కొడతాడు, పిలుపు ఆగుతుంది. రాకపోతే వాడి పెళ్ళాం వచ్చి కొట్టేవాడి చేతిలోంచి కర్రలు తీసుకుని సముద్రంలో గంగమ్మకి వేస్తుంది. అప్పుడూ ఆగుతుంది. మూడో దారి లేదు. రాసేశాను, చాలా?

తాత ఇంకో మాట కూడా చెప్పాడు. "రేవుపిలుపు ఎవడబ్బ సొత్తూ కాదు, ఏ ఇంటివాడైనా కొట్టచ్చు. ఉత్తుత్తికి మాత్రం కొట్టకూడదు. పిలిస్తే మనిషి కోసమే పిలవాలి." నా మాట కూడా అదే. నీ ఆల్బమ్‌లో అది వద్దు. ఇంకేదైనా కొట్టుకో, నీకు రానిదేముంది.

అక్క
నూకరత్నం


వడపళని, చెన్నై
10 జూన్

అక్కా,

మూడు నెలలు రాయలేదు. అలిగాననుకున్నావేమో, నిజంగానే అలిగాను. నేనడిగింది తాళం సంగతి. నువ్వు దాన్ని నీ మీద నేరం మోపినట్టు తీసుకున్నావు. నీకు నేను అలాంటివాణ్ణా?

వద్దన్నావు. అయినా చేశాను, ముందే చెప్పేస్తున్నాను. మే నెలలో రికార్డింగ్ అయిపోయింది. ఆరు ముక్కలూ బాగా వచ్చాయి. ఏడోది నాది కుదరడం లేదు. ఏం వాయించినా విజయ్ పాల్ గారు "బాగానే ఉందయ్యా, కానీ ఇది నువ్వు కాదు" అంటారు. తొమ్మిదో రోజు విసుగొచ్చి కాశీమేడు రేవుకి వెళ్ళి, విరిగిపోయిన పడవ చెక్క ఒకటి ఆటోలో వేసుకుని వచ్చాను. దాని మీద రేవుపిలుపు ఒక్కసారి కొట్టి చూపించాను. తర్వాత విజయ్ పాల్ గారు "పదేళ్ళుగా ఇది దాచుకుని మాకు ఏం వాయిస్తున్నావురా" అన్నారు.

చిన్న గొడవ జరిగింది. స్టూడియోలో అందరి చెవుల్లోనూ గడియారంలా టిక్కు టిక్కుమని ఒక చప్పుడు పెడతారు, దాని ప్రకారం కొట్టాలి. రేవుపిలుపు దానికి లొంగదు. ఆ పెద్ద ఖాళీ ప్రతిసారీ ఒకేలా ఉండదు కదా, గాలిని బట్టి ఉంటుంది. ఆఖరికి టిక్కు ప్రకారమే కొట్టాను. ఖాళీలో సూర్యకళ గంటలు నింపింది. చివర నువ్వు రాసినట్టు ఆపడానికి మనిషి లేక సౌండ్ మెల్లగా తగ్గించేశాం. నాకది పూర్తిగా నచ్చలేదు, కానీ వినేవాళ్ళందరూ ఆల్బమ్‌కి ఇదే ప్రాణం అంటున్నారు. ముక్క పేరు "గంగరాజు" అని పెట్టాను. బావ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

లోవ ఫోన్‌కి పంపాను. ఒక్కసారి విను. చిన్న ఫోన్లో చెక్క మోత తెలీదు, స్పీకరు ఏదైనా ఉంటే పెట్టి కాస్త గట్టిగా వినమను. విన్నాక కూడా వద్దంటే అప్పుడు చూద్దాం.

రాజేంద్ర


నీలంపాలెం
21 జూన్

రాజేంద్రా,

గట్టిగా విన్నాం. ఊరంతా విన్నది.

వేట నిషేధం పోయిన శుక్రవారంతో అయిపోయింది. శనివారం తెల్లారేసరికి మన పడవలన్నీ ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళాయి. రెండు నెలల తర్వాత మొదటి వేట. ఇళ్ళల్లో మగవాళ్ళు లేరు. ఆదివారం మధ్యాహ్నం లోవ మామయ్య పాటొచ్చిందని సంబరపడి, బడిలో బహుమతిగా ఇచ్చిన స్పీకరు అరుగు మీద పెట్టి, నువ్వు చెప్పావని పూర్తిగా పెంచింది. నేను ఎండుచేపల పందిరి దగ్గర ఉన్నాను.

మూడు దెబ్బలు. ఖాళీ. రెండు దెబ్బలు.

ఇంక చూడు. ఏ ఇంట్లో చేసే పని ఆ ఇంట్లో వదిలేసి ఆడాళ్ళందరూ రేవుకి పరుగో పరుగు. అన్నం వార్చే గిన్నెతో వచ్చినామె ఉంది, చంటిపిల్లని ఒంటిచేత్తో పట్టుకుని వచ్చినామె ఉంది. "ఎవరి పడవ? ఎవరి పడవ?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడుపులు. నేనూ పరిగెత్తాన్రా. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, నాకు గంగ మీద ఇంకెవరున్నారని. అయినా కాళ్ళు ఆగలేదు.

మా అత్తగారు నాకంటే ముందు వెళ్ళింది. కర్ర కూడా తీసుకోలేదు. చప్టా మెట్ల దగ్గర జారి పడిపోయింది. ఇంతలో లోవ బెదిరిపోయి స్పీకరు ఆపేసి, దాన్ని చేత్తో పట్టుకునే నానమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ ముసలావిడ నేల మీద పడి ఉండి, ఎముక విరిగిన సంగతి కూడా తెలీకుండా, "ఆపొద్దే, నా కొడుకు వస్తాడే, నువ్వు కూడా మీ అమ్మలాగే ఆపేస్తావా" అని అరిచింది. లోవ ఆ మాట విన్నది. పదమూడేళ్ళ పిల్ల, ఆ రోజు నుంచీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు.

తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేశారు. నడుస్తుందో లేదో చెప్పలేమన్నారు. ఊళ్ళో నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. "మీ తమ్ముడికి మా మొగుళ్ళ ప్రాణాలు ఆటగా ఉన్నాయా" అని వెంకటదుర్గ నడిబజార్లో అడిగింది.

ఇంకొకటి. ఆ ఖాళీలో గంటలేంట్రా? ఎందుకు నింపావు దాన్ని? ఆ ఖాళీ మనం చెవులు పెట్టి వినడానికి. గంగ మీంచి ఏదైనా జవాబొస్తుందేమోనని. కొట్టేది సగం, వినేది సగం, మిగతా అంతా మర్చిపోయినా అదెలా మర్చిపోయావు?

ఆయన పేరు కూడా తీసెయ్. ఆ ముక్క తీసెయ్. ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

నూకరత్నం


వడపళని, చెన్నై
1 జూలై

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చదవకపోయినా సరే.

మీ అత్తగారు అచ్చాయమ్మ గారి విషయం చదివాక నాలుగు రోజులు కర్ర ముట్టుకోలేదు. తప్పు నాదే. గట్టిగా వినమన్నది నేనే. ఇక్కడ ఎవరికి చెప్పినా "అయ్యో, అలా జరిగిందా" అంటున్నారు, ఒక చెక్క మీద మూడు దెబ్బలకి ఊరు ఊరంతా ఎందుకు పరిగెత్తుతుందో వీళ్ళకి ఎక్కదు. నాకు ఎక్కాలి కదా. ఇక్కడ వినేవాళ్ళ మధ్య ఉండి ఉండి, అక్కడ ఎవరు వింటారో మర్చిపోయాను. ఆవిడ కాళ్ళు పట్టుకుంటాను, రమ్మంటే ఇప్పుడే బయల్దేరతాను.

విజయ్ పాల్ గారికి చెప్పేశాను. ముక్క తీసేస్తున్నాం. ఆగస్టులో ఆల్బమ్ ఆరు ముక్కలతోనే వస్తుంది. ఆ పడవ చెక్కని ఆయనే తీసి గోడకి ఆనించి పెట్టారు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. చేతకావడం లేదు. పదేళ్ళ నుంచీ ఫోన్లో మూడో నిమిషంలో పెట్టేసేది ఈ మాట నోట్లోంచి వస్తుందన్న భయంతోనే. ఈ రోజు కాగితం మీద అంటున్నాను. నన్ను అడుగుతున్నావు, ఖాళీ ఎలా మర్చిపోయావని. నువ్వు మూడో రోజే కర్రలు ఎందుకు లాక్కున్నావు? నేను అలిసిపోయానని చెప్పానా? వదిలేస్తానన్నానా? ఇంకా కొట్టగలిగేవాణ్ణి. ఐదో రోజు పడవ దొరికింది, ఖాళీగా. ఐదు రోజుల పాటు ఆయన ఆ నీళ్ళలో ఎక్కడో పడవ పట్టుకుని ఉన్నాడేమో. వింటూ ఉన్నాడేమో. మూడో రోజు పిలుపు ఆగిపోయాక ఏమనుకున్నాడో! నాకు చెక్క ముందు కూర్చున్నప్పుడల్లా అదే తలపుకొస్తుంది. మీ అత్తగారు అన్నది తప్పు కాదు. నువ్వే ఆపేశావు.

అన్నాను. ఇప్పుడు నిజంగా రాయొద్దంటే రాయను.

రాజేంద్ర


నీలంపాలెం
12 జూలై

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనిపించింది. రెండోసారి ఏడ్చాను. మూడోసారి నవ్వొచ్చింది, నిజం. పదేళ్ళు ఇదా నీ కడుపులో ఉన్నది! నేను ఇంకేదో అనుకున్నాను, పట్నం వెళ్ళి మమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నావని అనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. మధ్యలో పెట్టెయ్యడానికి ఇది ఫోన్ కాదు.

నీకప్పుడు పదిహేడు. మీ బావకి అన్నదమ్ములు లేరు కాబట్టి కర్రలు నువ్వు తీసుకున్నావు. అన్నం తినేటప్పుడైనా చుట్టాల్లో ఇంకొకరికి ఇవ్వమని తాత బతిమాలాడు, ఇవ్వలేదు. రెండో రోజుకి నీ అరచేతుల్లో తోలు లేచిపోయింది. గుడ్డ చుట్టబోతే నన్ను తోసేశావు, గుర్తుందా? ఉండదు, నీకు ఒళ్ళు కాలిపోతోంది జ్వరంతో. మూడో రోజు పొద్దున పడవ చెక్క మీద రక్తం. నువ్వు ఖాళీలో కూడా ఆగడం లేదు, ఊరికే కొట్టుకుపోతున్నావు. పిలవడం మానేసి కొట్టడమే చేస్తున్నావు. తాత నా దగ్గరికొచ్చి కూర్చుని, "అమ్మాయ్, వీడు ప్రాణం పోయేదాకా ఆపడు. మేం ఆపడానికి లేదు. ఆపే హక్కున్నది నీకొక్కదానికే" అన్నాడు.

కర్రలు తీసుకుంటే ఏమవుతుందో నాకు తెలీదనుకున్నావా? నా మొగుడు పోయాడని ఊరందరి ముందూ నా నోటితో నేను ఒప్పుకున్నట్టు. ఆ సాయంత్రమే గాజులు తీసేశారు. మూడేళ్ళ పిల్ల చంకలో ఉంది. నువ్వు కర్రలు గట్టిగా పట్టుకుంటే వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి లాక్కున్నాను. ఆయన వస్తాడో రాడో నాకు తెలీదు. నువ్వు పోతావని మాత్రం తెలుసు, కళ్ళ ముందు కనబడుతోంది. ఉన్నవాణ్ణి ఉంచుకున్నాను. అంతే రా నేను చేసింది. నీకు ఎందుకు చెప్పలేదంటే, నీవల్ల బావ పోయాడని నువ్వు అనుకుంటావని. నా మీద కోపంగా ఉంటే ఉన్నావు, నీ మీద నీకు లేకపోతే చాలనుకున్నాను.

ఇంకో సంగతి ఉంది. ఇది తాతకీ తెలీదు, మా అత్తగారికీ తెలీదు. ఆ రోజు నేను గంగలో వేసినవి ఆ కర్రలు కావు. నీ చేతిలోంచి తీసుకుని, కొంగు కింద పెట్టుకుని ఇంటికి వెళ్ళి, పొయ్యి దగ్గర ఉన్న రెండు సరుగుడు పుల్లలు తెచ్చి అవి వేశాను. అసలువి ఇంటి చూరులో ఉన్నాయి, పాత వల చుట్టి. నిన్ను ఆపడానికైతే చేతులొచ్చాయి, ఆయన్ని వదలడానికి రాలేదు. పొద్దున్నే రేవుకి వెళ్ళే మా అత్తగారిని చూసి ఊళ్ళో జాలిపడతారు. నేను చూరు కింద కూర్చుని అన్నం తింటున్నాను పదేళ్ళుగా, నా మీద ఎవరూ జాలిపడరు.

నిన్న తాతతో మాటల్లో మాటగా అడిగాను, కర్రలు గంగలో పడకపోతే ఏంటి తాతా అని. "పడకపోతే పిలుపు ఆగనట్టే" అన్నాడు, నా వంక అదోలా చూసి. అంటే నువ్వు స్టూడియోలో కొట్టింది ఉత్తుత్తిది కాదురా. దాన్ని నేనే ఆపలేదు. ఇప్పుడేం చెయ్యాలో మాత్రం నాకు తోచడం లేదు.

అక్క


వడపళని, చెన్నై
19 జూలై

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చున్నాను.

కర్రలు తీసుకుని రా. సామర్లకోటలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కు, టిక్కెట్టు లోవ ఫోన్‌కి పంపాను. విజయ్ పాల్ గారితో మాట్లాడాను. టిక్కు చప్పుడు ఉండదు, గంటలు ఉండవు. నేను మొదలుపెడతాను, నీకు ఎప్పుడు తోస్తే అప్పుడు వచ్చి తీసుకో. తోచకపోతే రావద్దు, కొడుతూనే ఉంటాను. ఆ తర్వాత రికార్డు ఉంచాలో తుడిచెయ్యాలో నువ్వే చెప్పు.

రాజేంద్ర


నీలంపాలెం
25 జూలై

వస్తున్నాను. స్టేషన్‌కి రా. మా అత్తగారి దగ్గర సూర్యావతి పిన్ని ఉంటానంది. లోవ కూడా వస్తానని ఏడుస్తోంది, దాన్నీ తెస్తున్నాను.

నూకరత్నం


వడపళని, చెన్నై
12 ఆగస్టు

అక్కా,

నువ్వున్న మూడు రోజుల్లో మనం మాట్లాడుకున్నది అన్నం గురించీ, నా గది శుభ్రం గురించీ. రైలు కదిలేటప్పుడు కూడా "దుప్పటి ఉతుక్కో" అన్నావు. అందుకని మళ్ళీ కాగితమే దిక్కయింది.

అద్దం అవతల గదిలో, రికార్డింగ్ చేసే శ్యాంబాబు పక్కన నువ్వు కూర్చున్నావు. నాకు నీ మొహం కనిపించకూడదని వీపు అటు తిప్పి కూర్చున్నాను. పాత కర్రలు పట్టుకుంటే వాటి బరువు నేను అనుకున్నంత లేదు. మూడు దెబ్బలు కొట్టాక ఖాళీలో ఆగాను. ఈసారి విన్నానక్కా. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు, అయినా విన్నాను. సూర్యకళ బుడిపె కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఒక్కసారి కూడా ఎత్తలేదు. మిగతా నలుగురూ నా దెబ్బ వెనకాల చిన్నగా, అలల్లా, కాసేపు వాయించారు. ఎనిమిదో నిమిషానికి ఒక్కొక్కళ్ళే ఆపేశారు. ఆపమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

తర్వాత నేనొక్కణ్ణే. నువ్వు రావడం లేదు. పదో నిమిషం, పన్నెండో నిమిషం. రావేమో అనిపించింది. రాకపోతే బాగుండని కూడా అనిపించింది, నిజం చెబుతున్నాను. పద్నాలుగో నిమిషంలో తలుపు చప్పుడు, నీ కాళ్ళ చప్పుడు. చెప్పులు విప్పి వచ్చావు. కర్రల మీద చెయ్యి వేశావు. వదలాలనే అనుకున్నాను, వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. ఈసారి కూడా నీ చేతే లాగించాను. నన్ను క్షమించు.

రికార్డులో చివర నాలుగు అడుగుల చప్పుడూ, నీ ఊపిరీ ఉన్నాయి. ఇంకేం లేదు. శ్యాంబాబు తీసెయ్యనా అని అడిగితే విజయ్ పాల్ గారు "దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను" అన్నారు. ఉంచమని నువ్వు తలూపావు కాబట్టి ఉంచుతున్నాం. ఆల్బమ్ మీద ఒక మాట రాయిస్తున్నాను, సముద్రం దగ్గరి ఊళ్ళలో దీన్ని బయటికి వినపడేలా పెట్టకండి అని. కంపెనీవాళ్ళు నవ్వారు. నవ్వనీ.

ఒకటి అడగాలి. కర్రలు తీసుకున్నాక నా రెండు చేతులూ తిప్పి చూశావు. చాలాసేపు చూశావు. లోవ కూడా వచ్చి చూసింది. ఎందుకు?

నీ తమ్ముడు
రాజేంద్ర


నీలంపాలెం
25 ఆగస్టు

నా తమ్ముడు రాజేంద్రకి,

దుప్పటి ఉతికావా లేదా ముందు చెప్పు.

వచ్చిన రోజే మా అత్తగారికి అంతా చెప్పేశాను. మంచం పక్కన కింద కూర్చుని, కర్రలు ఆవిడ ఒళ్ళో పెట్టి చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. కర్రలు వాసన చూసింది. చివరలు తడిమి చూసింది, నీ రక్తం నల్లగా ఉందిగా ఇంకా. "పదేళ్ళు నా నెత్తిన చూరులోనే పెట్టావా?" అంది. తర్వాత ఒక కర్ర నాకిచ్చి, రెండోది దిండు కింద పెట్టుకుంది. "నీ మొగుడు నీకు పోయాడు, నువ్వు వేసుకో. నా కొడుకు నాకింకా పోలేదు" అంది. ఆవిడ నడవలేకపోతోంది, నడుస్తుందన్న ఆశ కూడా డాక్టర్లకి లేదు. రేవు వైపు కిటికీ దగ్గరికి మంచం జరిపాం. నాతో మాట్లాడుతోంది కానీ నా మొహం చూసి కాదు. అది నేను పడాల్సిందే, పడతాను.

శుక్రవారం తాత పడవ తీశాడు. నేనూ లోవా ఎక్కి మొగ దాకా వెళ్ళాం. కర్ర వెయ్యగానే మునగలేదు, కాసేపు పడవ వెంటే వచ్చింది. లోవ ఏడ్చింది. దానికి నాన్న ముఖం గుర్తు లేదు, అయినా ఏడ్చింది. ఇంటికొచ్చాక నా పక్కన పడుకుంది, చాలా రోజులకి. వెంకటదుర్గ మాత్రం ఇంకా మాట్లాడ్డం లేదు.

ఆల్బమ్ మీద ఆ మాట రాయించడం మంచి పని. ఆ కంపెనీవాళ్ళని ఒకసారి మా రేవుకి పంపు, అప్పుడు నవ్వమను.

చేతులెందుకు చూశానని అడిగావు. పదేళ్ళ కిందట నేను ఆ పని చేసింది ఆ చేతులు చూసే. వారం తిరక్కుండా నువ్వు చెన్నై వెళ్ళిపోయావు, అప్పటికి గుడ్డ కట్టు ఇంకా విప్పలేదు. తర్వాత నువ్వు వచ్చినప్పుడల్లా నీ మొహం చూశాను గానీ చేతుల వంక చూడలేదు. పాడైపోయి ఉంటే, ఆయన్నీ పోగొట్టుకుని నిన్నూ కాపాడుకోలేకపోయినట్టవుతుందని భయం. కాయలు కాశాయి, అవి నీ వాయిద్యానివి. మచ్చ ఒక్కటీ లేదురా. బాగా మానాయి.

ఆదివారం ఫోన్ చెయ్యి. నేను అరిస్తే అరుస్తాను, నువ్వు మాత్రం పెట్టెయ్యకు.

అక్క